20, 50, 200: పోర్ట్ క్లాంగ్‌లో గంజాయి కేసుల వెనక ఉన్న చరిత్ర

ఇది కాస్త పెద్ద పోస్టు. ఓటీ లేని రోజు తీరిగ్గా చదవండి.

మన గ్రూపులో ఈ మధ్య ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "అన్నా, కొంచెమే దొరికింది. ఫైన్ కట్టి వదిలేస్తారా?" ఒకరు వదిలేస్తారంటారు, ఇంకొకరు ఉరే అంటారు. ఇద్దరూ విన్నమాటే చెప్తున్నారు. ఈ దేశంలో "కొంచెం" అంటే ఎంతో మనం అనుకునేది కాదు, చట్టంలో రాసి ఉంది. ఆ రాత ఎట్లా వచ్చిందో తెలిస్తే, దొరికినవాడి ముందు ఏ దారులున్నాయో కూడా అర్థమవుతుంది. నేను లాయర్ని కాదు, గోడౌన్‌లో సరుకు లెక్క రాసేవాణ్ని. తెలుసుకుని రాస్తున్నా. కేసు పడినవాళ్లు మాత్రం లాయర్నే అడగాలి.

ముందు మన ఇంటి లెక్క చూద్దాం. ఇండియాలో 1985 ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి 1 కిలో వరకు "చిన్న మొత్తం". దానికి ఏడాది దాకా జైలు, లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితేనే "వ్యాపార మొత్తం". 2001లో పెట్టిన లెక్కలివి. మన విశాఖ మన్యం కుర్రాళ్లకి ఇది బాగా తెలుసు. 2021లో ఆపరేషన్ పరివర్తన్ పేరుతో పోలీసులు వేల ఎకరాల తోటలు నరికినప్పుడు పేపర్లన్నీ ఇవే రాశాయి. ఆ లెక్క బుర్రలో పెట్టుకుని విమానం ఎక్కినవాడికి ఇక్కడ 200 గ్రాములు కొంచెంగానే కనిపిస్తుంది. మలేషియా చట్టంలో 200 గ్రాములు దొరికితే నువ్వు తాగడానికి పెట్టుకున్నావని అనుకోరు, అమ్మడానికి పెట్టుకున్నావనే మొదలుపెడతారు. ఆ నేరానికి శిక్ష ఉరి దాకా ఉంది. ఇంటి దగ్గర చిన్న మొత్తంలో అయిదో వంతు, ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చే మొత్తం.

తమాషా ఏంటంటే ఈ మత్తు సరుకులు ఒకప్పుడు సర్కారువే. 19వ శతాబ్దం మొదట్లో పెనాంగ్‌లోనూ సింగపూర్‌లోనూ ఈస్టిండియా కంపెనీవాళ్లు నల్లమందు, సారాయి అమ్మే హక్కుల్ని వేలం వేసేవాళ్లు. కల్లు, భంగు కూడా ఆ పాటల్లో ఉండేవి. పాట పాడుకున్న కాంట్రాక్టరు అమ్ముకోవచ్చు, సర్కారుకి డబ్బు కట్టాలి. భంగు కొనేది ఎక్కువగా మన దేశం నుంచి వచ్చిన కూలీలు, సిపాయిలు, ఖైదీలు. అటు మన దేశంలోనూ అంతే. మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాయి సాగుకి లైసెన్సు ఇచ్చిన తావుల్లో బాపట్ల తాలూకా ఒకటి. మన ఆంధ్ర పల్లెల్లో సర్కారు అనుమతితో పండించి, సర్కారు గోదాములో పెట్టి, పన్ను కట్టి అమ్మిన సరుకు అది.

1893లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో గంజాయి మీద ఒక కమిషన్ వేసింది. ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ అంటారు. దేశమంతా తిరిగి వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించి 1894లో ఏడు సంపుటాల రిపోర్టు ఇచ్చారు. మితంగా వాడితే పెద్ద హాని కనపడలేదనీ, పూర్తిగా నిషేధించడం అవసరం లేదనీ, పన్ను వేసి అదుపులో పెట్టమనీ చెప్పారు. నిషేధిస్తే జనం ఇంకా చెడ్డ మత్తుకి పోతారని కూడా రాశారు. నేను ఇదంతా గంజాయి మంచిదని చెప్పడానికి రాయట్లేదు. సరుకు అదే, సర్కారు లెక్క మాత్రం కాలాన్ని బట్టి మారింది, అది చూడమంటున్నా.

ఇప్పుడు మనం పనిచేస్తున్న ఈ రేవు సంగతి. 1901లో తెరిచినప్పుడు దీని పేరు పోర్ట్ స్వెట్టెన్‌హామ్, ఇక్కడి పెద్ద బ్రిటిష్ అధికారి ఫ్రాంక్ స్వెట్టెన్‌హామ్ పేరు మీద. తెరిచిన కొన్ని నెలలకే మలేరియా వచ్చి కూలీలు రాలిపోయారు. మాల్కమ్ వాట్సన్ అనే డాక్టరు చుట్టూ ఉన్న బురద నేలని ఎండగట్టించాకే రేవు నిలబడింది. మద్రాసు, నాగపట్నం నుంచి ఓడల్లో వచ్చిన కూలీలని ఇక్కడి క్వారంటైన్ క్యాంపులో పెట్టి, ఆ తర్వాత సెలంగోర్ రబ్బరు తోటలకి పంపేవాళ్లు. తమిళులే ఎక్కువ. కానీ విశాఖ, గోదావరి, నెల్లూరు, చిత్తూరు వైపు మనవాళ్లూ ఉన్నారు. పేరు 1972లో పోర్ట్ క్లాంగ్ అయింది. మనం కంటైనర్లు దించే తీరాన్నే మన ముందుతరం మూటలతో దిగింది.

ఆ కూలీకి తోటలో ఏం దొరికేది? జీతం తక్కువ, కల్లు దుకాణం మాత్రం లైన్ పక్కనే. చైనా కూలీలకి నల్లమందు. 1910 నుంచి నల్లమందు వండి అమ్మే పని సర్కారే సొంతంగా చేతిలోకి తీసుకుంది, దాని మీద ఆదాయం అంత ఉండేది. ఈ కల్లు సంగతి మన క్లాంగ్ చరిత్రలో చాలా పెద్దది. 1941లో క్లాంగ్ జిల్లా తోటల్లో భారతీయ కూలీలు సమ్మె చేశారు. ఆర్.హెచ్.నాథన్ అనే ఆయన ముందు నిలబడ్డాడు. వాళ్ల కోరికల్లో చైనా కూలీలతో సమానంగా జీతం ఇవ్వమన్నది ఒకటి. దొర ఎదురొస్తే సైకిలు దిగి నిలబడాలన్న రూలు తీసెయ్యమన్నది ఇంకొకటి. తోటల్లో కల్లు దుకాణాలు మూసెయ్యమని కూడా అడిగారు. సర్కారు సైన్యాన్ని దింపింది, కాల్పుల్లో కూలీలు చనిపోయారు, నాథన్‌ని ఇండియాకి వెళ్లగొట్టారు. మత్తు వద్దని అడిగింది కూలీలు, అమ్ముకుంటామని పట్టుబట్టింది పైవాళ్లు. ఇండియన్ కూలీ అంటేనే మత్తు అని ఇక్కడ ఎవరైనా మాట జారితే ఈ 1941 సంగతి చెప్పండి.

గంజాయి మీద ప్రపంచం మొత్తానికి నిషేధం మొదలైంది 1925లో. జెనీవాలో నల్లమందు మీద సభ జరుగుతుంటే ఈజిప్టు గంజాయిని కూడా కలపమని గట్టిగా అడిగింది, కలిపారు. ఆ ఒప్పందం మీద సంతకాలు 1925 ఫిబ్రవరి 19న జరిగాయి. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. యుద్ధం తర్వాత మలయాలో నల్లమందు అమ్మకం కూడా బందయింది. 1952లో బ్రిటిష్ వాళ్లు డేంజరస్ డ్రగ్స్ ఆర్డినెన్స్ తెచ్చారు. ఈ రోజు క్లాంగ్ కోర్టులో చదివే గంజాయి చార్జిషీటు ఆ 1952 చట్టం కిందదే. స్వతంత్రం వచ్చాక 234వ నంబరు చట్టం అని పేరు పెట్టుకుని, ఎన్నో సవరణలతో అదే నడుస్తోంది.

1952లో ఇది ఉరి చట్టం కాదు. 1970లలో హెరాయిన్ ఈ దేశంలోకి బాగా దిగింది. 1975లో 39బి సెక్షన్ చేర్చి, అమ్మకానికి ఉరి గానీ యావజ్జీవం గానీ వేయొచ్చన్నారు. అప్పటికి జడ్జి చేతిలో ఎంపిక ఉంది. 1983 ఫిబ్రవరి 19న ప్రధాని మహతీర్ మహమ్మద్ మత్తుమందులే దేశ భద్రతకి మొదటి ముప్పు అని ప్రకటించారు. చూశారా, జెనీవా తేదీయే. కావాలని పెట్టారని నేననుకోను గానీ, ఇప్పటికీ ఇక్కడ మత్తుమందుల వ్యతిరేక దినం ఆ రోజే. మలయ్‌లో మత్తుమందుని "దాదా" అంటారు, మన గల్లీ దాదా కాదు. స్టేషన్‌లో ఆ మాట వినపడితే కేసు ఏంటో అర్థం చేసుకోండి. అదే 1983లో జడ్జికున్న ఎంపిక తీసేశారు. అమ్మకం రుజువైతే ఉరి ఒక్కటే. 1985లో ఇంకో చట్టం తెచ్చి, వ్యాపారం చేస్తున్నాడని అనుమానం ఉంటే కోర్టు విచారణ లేకుండానే మొదట 60 రోజులు, ఆ తర్వాత మంత్రి ఆర్డరు మీద రెండేళ్లు లోపల పెట్టే వీలు కల్పించారు. 1986 జులై 7న పుడు జైల్లో ఇద్దరు విదేశీయుల్ని హెరాయిన్ కేసులో ఉరి తీశారు, బార్లో, చేంబర్స్ అని. ఆస్ట్రేలియా ప్రధాని అడిగినా ఆగలేదు. విదేశీ పాస్‌పోర్టు కాపాడదని ప్రపంచానికి తెలిసింది ఆ రోజే. పాతకాలంలో ఎయిర్‌పోర్టులో నింపిన కార్డు మీద ఉరి హెచ్చరిక అచ్చువేసి ఉండేది. ముందొచ్చిన అన్నలకి గుర్తుండే ఉంటుంది.

సరే, ఇంత పెద్ద ఉరి చట్టం కింద చిన్న కేసు ఎక్కడుంది? మూడు గీతలున్నాయి.

20 గ్రాములకి తక్కువ దొరికితే 6వ సెక్షన్. 20,000 రింగిట్ల దాకా జరిమానా, లేదా అయిదేళ్ల దాకా జైలు, లేదా రెండూ. ఇక్కడ కనీసం ఇంత వేయాలని లేదు. ఒట్టి జరిమానాతో వదిలే అధికారం కోర్టుకి ఉంది, జైలుకి పంపే అధికారమూ ఉంది. మన గ్రూపులో ఒకడు ఫైన్ అంటాడు, ఒకడు జైలు అంటాడు చూశారా, ఇద్దరూ చెప్పేది ఈ ఒక్క సెక్షనే. 20 గ్రాములు తగిలిందా, 39ఏ సెక్షన్ మొదటి భాగం. రెండేళ్లకి తక్కువ కాకుండా అయిదేళ్ల దాకా జైలు, మూడు నుంచి తొమ్మిది బెత్తం దెబ్బలు. జరిమానా మాటే లేదు. జడ్జికి ఎంత జాలి వేసినా రెండేళ్లకి తగ్గించలేడు. 50 గ్రాములు తగిలితే రెండో భాగం. కనీసం అయిదేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు, బెత్తం పది దెబ్బలకి తక్కువ లేదు. ఆపైన 200 సంగతి చెప్పాను. బెత్తం అంటే బడిలో మాస్టారు కొట్టేది కాదన్నలూ. జైల్లో కట్టేసి, డాక్టరు పక్కన నిలబడి చూస్తుండగా కొడతారు, మచ్చ జీవితాంతం ఉంటుంది. ఆడవాళ్లకీ, యాభై దాటిన మగవాళ్లకీ ఇది లేదు.

అంటే 19 గ్రాములకీ 21 గ్రాములకీ మధ్య తేడా రెండేళ్ల జైలు, మూడు దెబ్బలు. అందుకే తూకం అన్నది ఇక్కడ ప్రాణం. పోలీసులు మొదట కాగితం, కవరుతో సహా తూస్తారు. కోర్టులో నిలబడేది మాత్రం కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు తీసిన నికర బరువు. హెరాయిన్‌కి లోపలున్న అసలు మందు ఎంతో లెక్కగడతారు, గంజాయికి అట్లా కాదు, మొక్క బరువే లెక్క. ఆకులూ పుల్లలూ కలిసినా బరువే. మన ఎన్‌డీపీఎస్‌లో పూత లేని ఒట్టి ఆకు, గింజ గంజాయి కిందికి రావు. ఇక్కడ జిగురు కనిపించిన ఏ భాగమైనా గంజాయే. లాయర్ అడగాల్సిన మొదటి కాగితం ఆ కెమిస్ట్ రిపోర్టు. అది రాకముందే మొదటి రోజు కంగారులో ఒప్పేసుకున్నవాడికి తర్వాత బరువు తగ్గిందని తెలిసినా పని కష్టమవుతుంది.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది రూమ్ సంగతి. మనం ఎనిమిదిమందీ పన్నెండుమందీ ఒక గదిలో ఉంటాం. డే షిఫ్ట్ వాడి మంచం మీద నైట్ షిఫ్ట్ వాడు పడుకుంటాడు. అల్మారాకి తాళం ఉండదు. ఒక పరుపు కింద ప్యాకెట్టు దొరికింది, అది ఎవరిది? చట్టం ఏమంటుందంటే, "దగ్గర ఉంచుకోవడం" అంటే ఒట్టిగా దగ్గర్లో ఉండడం కాదు. అది అతని అదుపులో ఉండాలి, అదేంటో అతనికి తెలిసి ఉండాలి. 1956లో చాన్ పీన్ లియాన్ కేసులో జస్టిస్ థామ్సన్ చెప్పిన మాటల్ని ఇప్పటికీ కోర్టుల్లో ఎత్తుతారు. కానీ డ్రగ్స్ చట్టంలో 37వ సెక్షన్ (డి) క్లాజు ఉంది. మత్తుమందు ఉన్న సంచి గానీ పెట్టె గానీ నీ అదుపులో ఉన్నట్టు తేలితే, లోపలున్నది నీదేననీ, నీకు తెలుసనీ అనుకుంటారు. కాదని నువ్వు చూపించాలి. (డిఎ) క్లాజు ప్రకారం అది 200 గ్రాములైతే అమ్మకానికే అనుకుంటారు.

ఈ రెండు అనుకోవడాలూ ఒకదాని మీద ఒకటి పెట్టొచ్చా? దీని మీద ఇరవై ఏళ్లు లాగుడు నడిచింది. పెట్టకూడదని 1998లో ముహమ్మద్ బిన్ హసన్ కేసులో ఫెడరల్ కోర్టు చెప్పింది. 2014లో పార్లమెంటు 37ఏ అని కొత్త సెక్షన్ చేర్చి, పెట్టొచ్చు అంది. 2019 ఏప్రిల్ 5న ఫెడరల్ కోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని ఆ 37ఏ రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేశారు. ఆ కేసు వేసింది ఎవరనుకుంటున్నారు? అల్మా నూడో అటెంజా అనే ఫిలిప్పీన్స్ ఆవిడ. ఆవిడతో పాటు ఒక థాయ్ ఆవిడ అప్పీలు కూడా విన్నారు. ఇద్దరూ బ్యాగు లోపల ఏముందో తమకి తెలీదన్నారు. ఇద్దరికీ ఉరి పోయి, దగ్గర ఉంచుకున్న నేరానికి జైలుగా మారింది. మనలాంటి బయటి దేశం వాళ్లు వేసిన కేసుతో ఈ దేశం చట్టమే మారింది. ఊళ్లో ఎవరో "ఈ పొట్లం మా తమ్ముడికి ఇవ్వు" అని బ్యాగులో పెట్టే మనవాళ్లందరికీ ఈ తీర్పు తెలియాలి. కానీ (డి) క్లాజు అట్లాగే ఉంది, దాన్ని కొట్టెయ్యలేదు. రూమ్ కేసులో లాయర్ అడిగేది ఇదే: ఆ మంచం ఎవరిది, ఆ గదిలోకి ఇంకెవరెవరు వస్తారు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంది, ప్యాకెట్టు దొరికినప్పుడు ఇతను అక్కడ ఉన్నాడా, డ్యూటీలో ఉన్నాడా. అందుకే పంచ్ కార్డు, షిఫ్ట్ చార్టు, రూమ్ లిస్టు ఫోటో తీసి పెట్టుకోవడం చిన్న విషయం కాదు.

పట్టుకున్న రోజు సంగతి. 2005లో మాజీ చీఫ్ జస్టిస్ జైదుద్దీన్ అబ్దుల్లా అధ్యక్షతన పోలీసుల మీద వేసిన రాయల్ కమిషన్ రిపోర్టు వచ్చింది. ఆ తర్వాత చట్టం సవరించి, 2007 నుంచి 28ఏ సెక్షన్ అమల్లోకి తెచ్చారు. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, ఇంటివాళ్లకి ఒకరికి, లాయర్‌కి ఒకరికి ఫోన్ చేసుకోవచ్చని పోలీసే చెప్పాలి, లాయర్‌తో మాట్లాడడానికి తగిన సమయం ఇవ్వాలి. లాయర్‌ని పెట్టుకునే హక్కు రాజ్యాంగం 5వ ఆర్టికల్‌లోనే ఉంది, అది పౌరులకే అని రాయలేదు. తోటి నిందితుడు తప్పించుకుంటాడు, సాక్ష్యం చెరిపేస్తారు అనే కారణాలుంటే ఆ ఫోన్ ఆలస్యం చేయొచ్చు. అయినా అడగాలి. "పెగువామ్" అంటే లాయర్, ఆ ఒక్క మలయ్ మాటైనా నేర్చుకోండి.

24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. చిన్న కేసులో మొదట నాలుగు రోజుల దాకా, తర్వాత ఇంకో మూడు రోజుల దాకా రిమాండ్. 50 గ్రాములు దాటినవాటికి ఏడూ ఏడూ. పర్మిట్ అయిపోయినవాళ్లు ఒకటి గమనించాలి. ఇమిగ్రేషన్ చట్టం కింద పట్టుకుంటే, బయటి దేశం వాళ్లకి ఈ 24 గంటలు కాదు, 14 రోజులని అదే 5వ ఆర్టికల్‌లో ఉంది.

స్టేట్‌మెంట్ విషయంలో చాలామంది దెబ్బతింటారు. మామూలు కేసుల్లో పోలీసుకి చెప్పింది కోర్టులో నీ మీద వాడడం కష్టం. డ్రగ్స్ చట్టంలో అట్లా కాదు. "నువ్వు ఏమీ చెప్పక్కర్లేదు, చెప్పింది సాక్ష్యంగా వాడతాం" అని ముందు హెచ్చరించి రాసుకుంటే అది కోర్టులో నిలబడుతుంది, 37బి సెక్షన్. ఆ హెచ్చరిక ఒట్టి తంతు కాదు, నిజంగానే చెప్పక్కర్లేదు. పేరు, పాస్‌పోర్టు, పనిచేసే చోటు చెప్పండి. మిగతాది లాయర్ వచ్చాక. అర్థం కాని భాషలో రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి. రూమ్‌మేట్‌ని కాపాడదామని "నాదే" అనేవాడు మనలో ఎప్పుడూ ఒకడుంటాడు. వాడికి ముందే చెప్పి ఉంచండి.

మూత్రం పరీక్ష తప్పించుకునే వీల్లేదు, 31ఏ సెక్షన్ కింద పోలీసు అడగొచ్చు. పాజిటివ్ వస్తే 15వ సెక్షన్, తాగిన నేరం: 5,000 రింగిట్ల దాకా జరిమానా లేదా రెండేళ్ల దాకా జైలు. చేతిలో ఏమీ దొరక్కపోయినా ఇది నిలబడుతుంది. రోజూ తాగేవాడికి గంజాయి వారాల తరబడి ఒంట్లో కనిపిస్తుంది. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని నిషేధ జాబితా నుంచి తీసేశాక, సెలవుకి హట్యాయ్ పోయి మిఠాయిలూ బిస్కెట్లూ తిని వచ్చినవాళ్లున్నారు. అక్కడ దుకాణంలో బిల్లు వేసి అమ్మారన్న మాట ఇక్కడ పనికిరాదు. తెచ్చుకుంటే అది ఇంకా పెద్ద గొడవ.

బెయిల్ గురించి. 41బి సెక్షన్ ప్రకారం అయిదేళ్లు మించి శిక్ష ఉన్న నేరాలకి బెయిల్ లేదు. 6వ సెక్షన్, 39ఏ మొదటి భాగం అయిదేళ్ల లోపే కాబట్టి అడగొచ్చు, ప్రాసిక్యూటర్ రాతపూర్వకంగా ప్రజాహితం కాదంటే మాత్రం ఇవ్వరు. మనకి అసలు చిక్కు జామీను. లోకల్ మనిషి కావాలి, పాస్‌పోర్టు కోర్టులో పెట్టాలి. యజమాని జామీనుకి రాకపోతే కేసు తేలేదాకా లోపలే.

ఆ తర్వాత దారులు మూడు. ఒకటి, నాది కాదని పోరాడడం: అదుపు, తెలియడం, తూకం, సరుకు చేతులు మారిన లెక్క. రెండోది, లాయర్ ద్వారా ప్రాసిక్యూషన్‌కి అర్జీ పెట్టి చార్జిని కింది సెక్షన్‌కి దించమనడం. ఇక్కడ దాన్ని "రెప్రసెంటేషన్" అంటారు. 39ఏ నుంచి 6కి దిగితే రెండేళ్ల కనీసమూ బెత్తమూ పోతాయి, అందుకే చాలా కేసుల్లో అసలు పోరాటం కోర్టు గదిలో కాదు, ఆ అర్జీలోనే. మూడోది, ఒప్పుకోవడం. ఒప్పుకుంటే శిక్ష తగ్గించమని అడుగుతారు, కానీ కనీస శిక్ష ఉన్న సెక్షన్‌లో ఆ గీత కిందికి దిగదు. శిక్ష పట్టుకున్న తేదీ నుంచి లెక్కపెట్టమని కూడా లాయర్ అడగాలి, అడక్కపోతే తీర్పు రోజు నుంచే మొదలు. ఒప్పుకున్నా పని అయిపోదు. జైలు శిక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టంలో "రాకూడని మనిషి" అవుతాడు, పర్మిట్ పోతుంది, ఇంటికి పంపించేస్తారు, మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టడం దాదాపు లేనట్టే. ఇక్కడికి రావడానికి ఏజెంటుకి కట్టిన అప్పు తీరనివాడు ఇది ముందే లెక్క వేసుకోవాలి.

లాయర్‌కి డబ్బు ఎక్కడిది? 2012 నుంచి ఇక్కడ సర్కారు డబ్బుతో నడిచే ఉచిత న్యాయ సహాయ సంస్థ ఉంది, వైబీజీకే అంటారు, అది మలేషియా పౌరులకి. మనం అడగాల్సింది బార్ కౌన్సిల్ లీగల్ ఎయిడ్ సెంటర్లని, మన హైకమిషన్‌ని. 1963 వియన్నా ఒప్పందం 36వ ఆర్టికల్ ప్రకారం పట్టుబడ్డ విదేశీయుడు కోరితే వాళ్ల దేశం ఆఫీసుకి తెలియజేయాలి. కోరితేనే, అది గమనించండి. హైకమిషన్ దగ్గర 2009లో మొదలైన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది, దిక్కులేనివాళ్లకి లాయర్ ఖర్చు అందులోంచి ఇవ్వొచ్చని రూల్లో ఉంది. డ్రగ్స్ కేసు అనగానే సిగ్గుపడి చెప్పకుండా ఉండకండి, జైలు లోపల మనిషిని చూడ్డానికి వెళ్లడం వాళ్ల పనే.

ఉరి విషయంలో గాలి మారిందన్నది నిజమే. 2018 ఆగస్టులో మన పక్కనే షా ఆలం హైకోర్టు గంజాయి నూనె కేసులో ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడికి ఉరి వేసింది. జనం గోల చేశారు. అప్పుడు మళ్లీ ప్రధానిగా ఉన్నది మహతీరే, 1983 నాటి ఆ మహతీరే, ఆ శిక్షని మళ్లీ చూడాలన్నారు. అంతకుముందే, 2018 మార్చి నుంచి, కొన్ని షరతుల మీద ఉరికి బదులు యావజ్జీవం వేసే వీలు జడ్జికి వచ్చింది. 2023 జులై 4 నుంచి తప్పనిసరి ఉరి మొత్తం పోయింది, ఉరిశిక్ష పడి ఉన్న వెయ్యిమందికి పైగా ఖైదీలకి తమ శిక్షని మళ్లీ చూడమని అడిగే అవకాశం ఇచ్చారు. కానీ 20, 50, 200 అంకెలు కదల్లేదు. ఉరి తగ్గింది కాబట్టి చిన్న కేసూ తగ్గిందని ఎవరైనా చెప్తే నమ్మకండి, ఆ సవరణలు 6వ సెక్షన్‌నీ 39ఏ మొదటి భాగాన్నీ ముట్టుకోలేదు.

ఇంకొక్కటి, భాష. కోర్టులో చార్జి మలయ్‌లో చదువుతారు. ఇండియన్ అనగానే తమిళ అనువాదకుణ్ని నిలబెడతారు. మన వాళ్లలో సగం మందికి సినిమా తమిళం తప్ప రాదు, అయినా జడ్జి "అర్థమైందా" అంటే తల ఊపేస్తారు. ఒప్పుకునేవాడికి చార్జి ఏంటో, ఒప్పుకుంటే ఏమవుతుందో అర్థమైందని తేలాకే కోర్టు ఆ ఒప్పుకోలు తీసుకోవాలని చట్టం. కాబట్టి తల ఊపకండి. "తెలుగు కావాలి" అని గట్టిగా చెప్పండి, వాయిదా పడినా పర్లేదు. ఎవరి కేసైనా క్లాంగ్ కోర్టుకి వస్తే, తెలుగూ మలయ్ రెండూ వచ్చిన ఇక్కడి తెలుగువాళ్లు బగాన్ దతో వైపూ, మలేషియా తెలుగు సంఘంలోనూ ఉన్నారు, అడగండి. తేదీ, కోర్టు నంబరు గ్రూపులో పెడితే సెలవున్న వాళ్లం వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటాం.